స్కోరు కంటే ముందు చూడాల్సినవి: న్యూరోసైకాలజీ పరీక్షలు సరిగా వాడే పద్ధతి

జ్ఞాపకం, తారీఖు, లెక్కలు లాంటివి అడిగి చూసే ఎంఎంఎస్ఈ అనే చిన్న పరీక్షలో 30కి 21 వచ్చింది, డిమెన్షియా కావచ్చు అని చీటీ రాసి పంపడం ఎక్కడైనా జరిగేదే. ఆ చీటీ పట్టుకొచ్చిన పెద్దాయనకు 68 ఏళ్లు, పరకాల దగ్గర పల్లె, బడి మొహం చూడలేదు అనుకోండి. పోయిన 9 మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. 100 లోంచి ఏడేసి తీసుకుంటూ పోవడానికి 5, కాగితం మీది వాక్యం చదివి చేయడానికి 1, సొంతంగా వాక్యం రాయడానికి 1, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న అయిదు కోణాల బొమ్మలు చూసి గీయడానికి 1. ఈ 8 మార్కులూ పలక, బలపం పట్టినవాళ్లకు వచ్చే మార్కులు. తొమ్మిదోది తారీఖు దగ్గర పోయింది. మతిమరుపు జబ్బు ముందుగా బయటపడే చోటు, అంటే మూడు మాటలు కాసేపాగి మళ్లీ చెప్పడం, అక్కడ 3కి 3 వచ్చాయి. ఈయనకు డిమెన్షియా ఉందనడానికి ఆ 21లో ఆధారమేమీ లేదు.

హనుమకొండలో రిటైరైన లెక్చరర్‌కు అదే పరీక్షలో 28 వచ్చి, పోయిన రెండూ ఆ మూడు మాటల దగ్గరే పోతే అది వదిలేయాల్సిన స్కోరు కాదు. ఇంట్లో వాళ్లు కూడా ఏడాదిగా అడిగిందే అడుగుతున్నారని చెబితే పూర్తి పరీక్షలకు పంపాల్సిందే.

ఎంఎంఎస్ఈ 1975లో అమెరికాలో పుట్టింది. 24కు తగ్గితే అనుమానించాలన్న గీత చదువుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. ఆ గీతను తెచ్చి మన పల్లెల మీద పెట్టినప్పుడు తప్పు పరీక్షది అనలేం, వాడినవాళ్లది.

చెల్లుబాటు అంటే

పాఠ్యపుస్తకాల్లో విశ్వసనీయత, సప్రమాణత అని రెండు మాటలు ఉంటాయి. మళ్లీ పెట్టినా దాదాపు అదే ఫలితం వస్తే విశ్వసనీయత. ఆ ఫలితాన్ని బట్టి మనం చెప్పే మాట నిలబడితే సప్రమాణత, వాడుకలో చెల్లుబాటు. ఎనుమాముల మార్కెట్ కాంటా పత్తి బరువు ఎన్నిసార్లు తూచినా ఒకేలా చూపించవచ్చు, కానీ అందులో తేమ ఎంతో చెప్పలేదు. దానికి వేరే మీటరు కావాలి.

అందుకని "ఈ పరీక్ష వ్యాలిడ్ అయిందేనా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎవరికి, ఏ భాషలో, ఏ నిర్ణయం కోసం అన్న మూడూ కలిపితేనే ప్రశ్న పూర్తవుతుంది. మోకా పరీక్ష తొలి దశలో ఉన్న చిన్న లోపాన్ని పట్టడానికి 2005లో వచ్చింది. 30కి 26 దాని గీత, 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. అయిదో తరగతితో ఆపేసిన బీడీ కార్మికురాలికి ఆ ఒక్క మార్కుతో లోటు పూడదు. జగిత్యాలలో ఆరోగ్యంగా తిరుగుతున్న అరవై ఏళ్ల ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి 26 గీత పెడితే చాలామంది దాని కిందే ఉంటారు. తక్కువ చదువున్నవాళ్ల కోసమే మోకా-బేసిక్ అని వేరే రూపం ఉంది.

కిట్ తెరవకముందు

రిఫరల్ చీటీ మీద "న్యూరోసైకలాజికల్ అసెస్‌మెంట్" అని మాత్రమే ఉంటే పంపిన డాక్టరుకు ఫోన్ చేయండి. మతిమరుపు డిప్రెషన్ వల్లనా, మెదడు జబ్బు వల్లనా? తలకు దెబ్బ తగిలిన కుర్రాడు మళ్లీ ఇంటర్ పరీక్షలు రాయగలడా? మూర్ఛ ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకశక్తి ఎలా ఉంది? ప్రశ్నను బట్టి పరీక్షలు మారతాయి. ప్రశ్న లేకుండా బ్యాటరీ, అంటే పరీక్షల కట్ట, మొత్తం పెడితే మూడు గంటలు గడిచి, ఎవరికీ పనికిరాని పది పేజీల రిపోర్ట్ మిగులుతుంది.

తర్వాత ఇంటివాళ్లతో విడిగా మాట్లాడాలి. మార్పు ఎప్పుడు మొదలైంది, మెల్లగా వచ్చిందా, ఒక్కరోజులో వచ్చిందా, రోజువారీ పనుల్లో ఏది ఆగిపోయింది అని అడగండి. పింఛను డబ్బు లెక్క చూసుకుంటున్నారా, పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నారా, తెలిసిన దారిలో తప్పిపోయారా వంటివి అడిగితే పనికొచ్చే జవాబులు వస్తాయి. బస్ చార్జీ ఎంత అని ఆడవాళ్లను అడగడం మానేయండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీలో వాళ్లది జీరో టికెట్, చార్జీ తెలియకపోతే అది మతిమరుపు కాదు. రోజువారీ సామర్థ్యాన్ని కొలవడానికి మన దేశంలోనే తయారైన ఎవ్రీడే ఎబిలిటీస్ స్కేల్ ఫర్ ఇండియా ఉంది. చదువుతో పని లేకుండా ఇంటివాళ్లను అడిగి నింపేది కాబట్టి పల్లెల్లో ఇది బాగా అక్కరకొస్తుంది.

స్కోరును కిందికి లాగే ఇతర కారణాలను పరీక్ష రోజునే తేల్చుకోవాలి. వినికిడి తగ్గిందా? చెవి దగ్గర మెల్లగా మాట్లాడి చూడండి. కంట్లో శుక్లాలున్నాయా? అద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చారా? అద్దాలు లేకపోతే చూపుతో పని ఉన్న పరీక్షలన్నీ వాయిదా వేయండి. రాత్రి నిద్ర ఎలా ఉంది? కాగజ్‌నగర్ నుంచి తెల్లవారుజామున రైలెక్కి ఏమీ తినకుండా వచ్చిన మనిషికి ముందు టిఫిన్ పెట్టించి, అరగంట ఆగి మొదలుపెట్టాలి. థైరాయిడ్, బీ12 రిపోర్టులు ఉన్నాయేమో చూడండి, లేకపోతే పంపిన డాక్టరును అడగండి.

మందుల సంచీ మొత్తం బల్ల మీద పెట్టించాలి. మానసిక జబ్బుల మందులతో పాటు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కొత్త విషయాలు గుర్తుంచుకోవడాన్ని దెబ్బతీస్తుంది, పెద్దవాళ్లలో మరీ ఎక్కువగా. నిద్ర మాత్రలూ అంతే. కల్లు గురించి మొహమాటం లేకుండా అడగాలి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది తెలిసిన సంగతే. రోజూ రెండు సీసాలు తాగే మనిషి డాక్టరు అడిగితే "మందు ముట్టను" అంటాడు, కల్లు ఆయన లెక్కలో మందు కాదు. నిన్న తాగి వచ్చినా, నాలుగు రోజుల నుంచి మానేసి చేతులు వణుకుతున్నా ఆ రోజు స్కోర్లు దేనికీ పనికిరావు. పైగా ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్, మతిభ్రమణం వచ్చే ప్రమాదం ఉంది, అలాంటి మనిషిని ముందు డాక్టరు చూడాలి.

పూటకో రకంగా మాట్లాడుతూ, తెలివి వచ్చీపోయీ ఉన్నవాళ్లకూ, ఫిట్స్ వచ్చి ఒకటి రెండు రోజులు కూడా గడవనివాళ్లకూ, తలకు దెబ్బ తగిలాక రోజువారీ సంగతులు ఇంకా వరసగా గుర్తుండనివాళ్లకూ పూర్తి బ్యాటరీ పెట్టకూడదు. పెడితే ఆ వారం మెదడు ఎలా ఉందో తెలుస్తుంది తప్ప మిగిలిపోయే లోపం ఎంతో తెలియదు.

ఏ పరీక్ష, ఎవరి నార్మ్స్

స్కోరు ఒక్కటే ఉంటే దానికి అర్థం ఉండదు. అదే వయసు, అదే చదువు ఉన్న ఆరోగ్యవంతులకు ఎంత వస్తుందో తెలిపే పట్టిక, అంటే నార్మ్స్, ఉంటేనే పోల్చగలం. లెక్క సులువే: పేషెంట్ స్కోరులోంచి సగటు తీసేసి, వచ్చినదాన్ని ప్రామాణిక విచలనంతో, అంటే స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకెతో, భాగించాలి. వచ్చేది జడ్ స్కోరు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆలస్యంగా గుర్తుచేసుకునే పరీక్షలో ఒకావిడకు 5 వచ్చింది. కాలేజీ చదివినవాళ్ల పట్టికలో సగటు 9.2, విచలనం 2.6 అయితే జడ్ స్కోరు మైనస్ 1.6, అంటే దాదాపు 5వ పర్సంటైల్ (వందమందిలో అయిదుగురికే ఇంతకంటే తక్కువ వస్తుంది), ఆందోళనపడే స్థాయి. బడికి వెళ్లనివాళ్ల పట్టికలో సగటు 7, విచలనం 2.8 అయితే అదే 5 మైనస్ 0.7 అవుతుంది, అంటే దాదాపు 24వ పర్సంటైల్, మామూలు స్థాయే. మనిషి అదే, జవాబులూ అవే, పట్టిక మారేసరికి రోగం వచ్చింది, పోయింది.

మన రాష్ట్రంలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ న్యూరోసైకాలజీ బ్యాటరీ 2004లో వచ్చింది. వయసు, లింగం, చదువు వారీగా నార్మ్స్ ఇవ్వడం, నిరక్షరాస్యులకు వేరే పట్టిక ఉండటం దాని బలం. అయితే ఆ పట్టికలు 65 ఏళ్ల దగ్గర ఆగుతాయి, 74 ఏళ్ల అవ్వను 65 లోపు వాళ్లతో పోల్చకూడదు. పెద్దవాళ్లకు ఏసీఈ-3 తెలుగు రూపం ఉంది, 100 మార్కులు, మతిమరుపుతో పాటు భాష, చూపు-స్థల జ్ఞానం కూడా చూస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం భాషల్లో తయారైంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం మార్చిన హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ 1995లో వచ్చింది. చదవడం, రాయడం అడిగే ప్రశ్నల స్థానంలో వేరేవి ఎలా పెట్టవచ్చో తెలుసుకోవడానికి అది మంచి నమూనా.

ఇంగ్లిష్ పరీక్షను మనమే కూర్చుని తెలుగు చేసి వాడటం అన్నిటికంటే పెద్ద తప్పు. మాట మారితే కష్టం మారుతుంది. అంకెలు విని తిరిగి చెప్పే పరీక్షే తీసుకోండి: ఇంగ్లిష్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకు ఏడు తప్ప అన్నీ ఒక్క పలుకులో అయిపోతాయి. మనకు ఎనిమిదికి నాలుగు అక్షరాలు, తొమ్మిదికి మూడు. పలకడానికి ఎక్కువసేపు పట్టేవి మనసులో తక్కువ నిలుస్తాయి. ఇంగ్లిష్ నార్మ్స్ పెడితే మనవాళ్లు ఊరికే ఒక అంకె తక్కువలో కనిపిస్తారు. బొమ్మలకు పేర్లు చెప్పే పరీక్షలదీ ఇదే గొడవ. అమెరికన్ బోస్టన్ నేమింగ్ టెస్ట్‌లో ప్రెట్‌జెల్, బీవర్ బొమ్మలుంటాయి. మంథనిలో వాటిని ఎవరు చూశారు? మోకాలోని ఖడ్గమృగం కూడా బడి పుస్తకంలో చూసినవాళ్లకే తెలుసు.

చదువు లేనివాళ్లకు అక్షరాలతో నడిచే పరీక్షలు పక్కన పెట్టండి. కాగితం మీది వలయాలను గీతతో వరసగా కలిపే ట్రెయిల్ మేకింగ్ పరీక్ష రెండో భాగంలో ఇంగ్లిష్ అక్షరాల వరస తెలియాలి, దానికి బదులు కలర్ ట్రెయిల్స్ వాడవచ్చు. అందులో 1 నుంచి 25 వరకు అంకెలు, గులాబీ, పసుపు రంగు వలయాలు ఉంటాయి. అంకెలు కూడా రానివాళ్లకు అదీ పనికిరాదు. వేరే రంగు సిరాతో రాసిన రంగుల పేర్లు చూపించే స్ట్రూప్ పరీక్ష చదవగలిగేవాళ్లకే. ఫలానా అక్షరంతో మాటలు చెప్పమనడం మానేసి, ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పించండి. చెప్పించేటప్పుడు "పశువులు" అనొద్దు, అంటే ఎడ్లు, బర్లు, మేకల దగ్గర ఆగిపోతారు. అడవిలోవి, ఇంటి దగ్గరవి, ఏవైనా సరే అని మాన్యువల్లో ఉన్న మాట అందరికీ ఒకేలా చెప్పండి. గడియారం గీయించడం పెన్ను పట్టనివాళ్లకు అసలే వద్దు.

భాష, యాస, దుబాసీ

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండి, కొలామి, ములుగులో కోయ, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, వరంగల్ పాతబస్తీల్లో ఉర్దూ. తెలుగు మాట్లాడగలడు కదా అని తెలుగు పరీక్ష పెట్టేయకూడదు. ఇంట్లో ఏ భాష, సంతలో ఏ భాష, లెక్కలు ఏ భాషలో వేసుకుంటారు అని అడిగి రాసుకోండి. ఎన్ని భాషలొచ్చో కూడా రాయాలి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

పేషెంట్ భాష మీకు రాకపోతే చుట్టాన్ని దుబాసీగా పెట్టవద్దు. కొడుకు తండ్రి జవాబును సర్ది చెబుతాడు, "బాపూ, పొద్దుగాలనే చెప్పినవ్ గదా" అని అందిస్తాడు. బయటి మనిషిని పెట్టి, పరీక్షకు ముందు అరగంట కూర్చోబెట్టి, మాట మార్చకుండా చెప్పడం, సాయం చేయకపోవడం, తప్పు జవాబునూ తప్పుగానే తిరిగి చెప్పడం నేర్పించాలి. అయినా ఆ స్కోర్లను నార్మ్స్ పట్టికతో నేరుగా పోల్చలేమని రిపోర్ట్‌లో రాయాల్సిందే.

తెలుగువాళ్లకు కూడా సూచనలు మన యాసలో అర్థమయ్యేలా ఉండాలి. "గుర్తుంచుకోండి" అంటే తడబడే అవ్వ "యాది పెట్టుకో" అంటే వెంటనే అందుకుంటుంది. సూచన వరకు ఈ సర్దుబాటు చేయవచ్చు. పరీక్షలో ఇచ్చే మాటల జాబితాలో ఒక్క మాట కూడా మార్చకూడదు. మారిస్తే అది నార్మ్స్ లేని కొత్త పరీక్ష అయిపోతుంది. జవాబుల్లో ఐతారం, బేస్తారం అంటే సరైనవే, ఆదివారం, గురువారమే అనాలని పట్టుబట్టకండి.

ఊరు, జిల్లా అడిగేచోట ఇంకాస్త జాగ్రత్త. 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. భూపాలపల్లి పెద్దాయన తనది వరంగల్ జిల్లా అంటే అది ఆయన యాభై ఏళ్లు అన్న మాట. "ఇప్పుడు కొత్తగా ఏం జిల్లా అంటున్నరు?" అని ఒకసారి అడిగి, రెండు జవాబులూ రాసుకోండి. మాన్యువల్ ప్రకారం మార్కు ఏది వచ్చినా, అక్కడ పోయిన మార్కును మతి తప్పడం కింద చదవకండి. తారీఖు చెప్పలేక "అమాస పోయి నాలుగొద్దులైంది" అన్న రైతుకూ ఇదే వర్తిస్తుంది.

పరీక్ష పెట్టేటప్పుడు

తలుపు మూసే గది, ఒక బల్ల, ఇద్దరు మనుషులు, స్టాప్‌వాచ్. పేషెంట్‌కు వెలుగు వెనుక నుంచి కాకుండా పక్క నుంచి పడాలి, గోడ గడియారం, క్యాలెండర్ ఆయన చూపుకు అందకూడదు. చుట్టాలు బయట కూర్చోవాలి. ఫోన్లు, మీదీ ఆయనదీ, ఆఫ్ చేయాలి. అవ్వా, బాపూ, పెద్దాయనా, తమ్మీ అని వయసుకు తగ్గట్టు పిలవండి. కొన్ని ప్రశ్నలు సులువు, కొన్ని ఎవరికీ రావు అని ముందే చెప్పండి. అలా చెప్పకపోతే బడిలో దెబ్బలు తిన్నవాళ్లు "నాకు రాదు సారూ" అని మొదటి ప్రశ్నకే చేతులెత్తేస్తారు. "రాదు" అన్న మాటను వెంటనే సున్నా చేయకుండా, మాన్యువల్ ఒప్పుకుంటే ఒకసారి "ఆలోచించి చెప్పండి, తప్పయినా ఫర్వాలేదు" అనండి.

మాటల జాబితా నేర్చుకునే రే ఆడిటరీ పరీక్షను సరిగా పెట్టేవాళ్లు తక్కువ కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూద్దాం. 15 మాటలు, సెకనుకు ఒకటి చొప్పున, ఒకే గొంతుతో. రెండేసి, మూడేసి గుంపుగా పలికితే గుర్తుంచుకోవడానికి మీరే దారి చూపినట్టు. అయిపోగానే ఏ వరసలోనైనా చెప్పమనాలి, చెప్పినవి చెప్పినట్టు, తప్పులతో సహా రాయాలి. ఇలా అయిదుసార్లు. తర్వాత ఇంకో 15 మాటల జాబితా ఒక్కసారి. వెంటనే మొదటి జాబితా మళ్లీ, ఈసారి మీరు చదవకుండా. 20 నుంచి 30 నిమిషాలు ఆగి మరోసారి, చివర్లో పెద్ద జాబితాలోంచి గుర్తుపట్టడం.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ 20 నిమిషాల దగ్గర. ఖాళీ పోనివ్వకూడదని మధ్యలో కథ విని చెప్పే పరీక్షో, బొమ్మల పేర్లో పెట్టేస్తారు. ఆ మాటలు ఈ మాటలతో కలిసిపోతాయి. మధ్యలో చేతి వేగం, బొమ్మ గీయడం, రంగుల దారి లాంటివే పెట్టాలి. మళ్లీ అడుగుతానని ముందే చెప్పకూడదు కూడా. టీకి పంపించి బయట చుట్టాలతో కలిసి "ఏం అడిగిండ్రు?" అని నెమరువేయనిస్తే ఆలస్య జ్ఞాపకం పరీక్ష చెడిపోయినట్టే.

అయిదుసార్ల స్కోర్లు 4, 6, 8, 10, 11 అని పెరుగుతూ పోయి, అరగంట తర్వాత 10 చెబితే నేర్పు, నిల్వ రెండూ బాగున్నాయి. 4, 5, 5, 5, 6 దగ్గరే ఉండి, అరగంటకు 0, పెద్ద జాబితాలోనూ గుర్తుపట్టలేకపోతే విషయం లోపల నిలవడం లేదు, అల్జీమర్స్‌లో ఈ తీరు కనిపిస్తుంది. తనంతట తాను తక్కువే చెప్పినా, పెద్ద జాబితాలో చాలావరకు గుర్తుపడితే విషయం లోపల ఉంది, బయటకు తీయడమే కష్టమవుతోంది. డిప్రెషన్‌లో, మెదడు లోపలి చిన్న రక్తనాళాల జబ్బుల్లో ఇలా ఉంటుంది. మొత్తం మార్కులు ఒక్కటే రిపోర్ట్ చేస్తే ఈ తేడా అంతా పోతుంది.

కాలంతో కొలిచే పరీక్షల్లో పేషెంట్ తప్పు దారి పడితే వెనక్కి తెచ్చి సరిదిద్దుతాం, కానీ గడియారం ఆపం. ఆపేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. కలర్ ట్రెయిల్స్ కాగితాన్ని నలుపు తెలుపు జిరాక్స్ తీసి వాడేవాళ్లూ ఉన్నారు. కాపీరైట్ సంగతి అలా ఉంచి, గులాబీ, పసుపు తేడా మసకబారాక అది రంగుల పరీక్షే కాదు.

స్కోరు చదవడం

ఒక స్కోరు ఒక చుక్క కాదు, ఒక పరిధి. ఐక్యూ పరీక్షలో విచలనం 15, విశ్వసనీయత 0.90 అయితే కొలతలో దొర్లే పొరపాటు సుమారు 4.7 పాయింట్లు. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అటూ ఇటూ 9. అంటే 72 వచ్చిన పిల్లాడి అసలు స్థాయి 63 నుంచి 81 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మేధోపరమైన వైకల్యానికి పెట్టే 70 గీతకు రెండు పాయింట్లు పైన ఉన్నాడని సర్టిఫికెట్ నిరాకరించడం, 68 వచ్చిందని కళ్లుమూసుకుని ఇచ్చేయడం, రెండూ ఆ పరీక్ష మోయలేని బరువు దాని మీద పెట్టడమే. అందుకే మేధోపరమైన వైకల్యం తేల్చడానికి ఐక్యూతో పాటు వీఎస్ఎంఎస్ (వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్) లాంటి సామాజిక సామర్థ్యపు కొలత కూడా కావాలి. 2016 వైకల్య హక్కుల చట్టం కింద వైకల్యం 40 శాతం ఉందా లేదా అన్నదాని మీద చాలా సదుపాయాలు ఆధారపడి ఉంటాయి కాబట్టి ఇది కాగితం మీది చర్చ కాదు.

పిల్లల ఐక్యూ చూడటానికి మన క్లినిక్‌ల్లో ఇంకా వాడే మాలిన్ పరీక్ష 1969 నాటిది, 1949 నాటి అమెరికన్ వెక్స్‌లర్ పరీక్ష నుంచి వచ్చింది. బినే-కామత్ ఇంకా పాతది, మరాఠీ, కన్నడ పిల్లల మీద ప్రామాణీకరించింది. చాలా దేశాల్లో సగటు స్కోరు పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చింది. పాత పట్టికతో కొలిస్తే పిల్లాడి స్కోరు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించే అవకాశం ఉంది. సదుపాయాలు అందాల్సిన పిల్లలే అప్పుడు గీతకు పైన తేలతారు. లెక్కకట్టి పాయింట్లు తీసేయమని దీని అర్థం కాదు, పట్టిక ఏ ఏటిదో రిపోర్ట్‌లో రాసి, గీత దగ్గరున్న స్కోర్లను ఆ ఎరుకతో చూడాలని.

ఎక్కువ పరీక్షలు పెడితే ఎక్కడో ఒకచోట తక్కువ రావడం సహజం. 5వ పర్సంటైల్ గీత పెట్టుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఆరోగ్యవంతుడికి పెడితే, కనీసం ఒక్కదానిలో గీత కిందికి పడే అవకాశం 64 శాతం. నిజంలో పరీక్షలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కాబట్టి ఆ అంకె కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే ఒంటరిగా తగ్గిన స్కోరును చూసి లోపం అనకండి. ఒకే సామర్థ్యాన్ని కొలిచే రెండు మూడు పరీక్షలు కలిసి తగ్గాలి, ఇంటివాళ్లు చెప్పినదానితో పొసగాలి.

ఊళ్లో క్యాంపు పెట్టి స్క్రీనింగ్ చేసేవాళ్లు ఈ లెక్క చేసి చూడాలి. 60 దాటిన 1000 మందిలో 50 మందికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్నవాళ్లలో 90 శాతాన్ని పడుతుంది, లేనివాళ్లలో 85 శాతాన్ని సరిగా వదిలేస్తుంది అనుకుందాం. పట్టినవాళ్లు 45, అనవసరంగా పట్టుబడ్డవాళ్లు 142 చిల్లర. "మీకు తేడాగా ఉంది" అని చెప్పినవాళ్లలో నలుగురిలో ఒకరికే నిజంగా జబ్బు. అదే పరీక్షను సగం మందికి జబ్బుండే మెమరీ క్లినిక్‌లో పెడితే ఆ మాట విన్నవాళ్లలో 86 శాతం మందికి అది నిజమవుతుంది. క్యాంపులో చేతికిచ్చే చీటీ మీద జబ్బు పేరు రాయకూడదన్నది అందుకే. "ఇంకోసారి పూర్తిగా చూపించుకోండి" అంతవరకే.

శ్రద్ధగా చేశాడా లేదా

ప్రమాద పరిహారం కేసుల్లో, ఉద్యోగానికి అనర్హత తేల్చే బోర్డుల ముందుకు వచ్చేవాళ్లలో స్కోరు తక్కువ వస్తే లాభం ఉంటుంది. అలాంటి చోట పూర్తి ప్రయత్నం చేశాడా అని చూసే పరీక్ష లేకుండా రిపోర్ట్ ఇవ్వకూడదు. టీఓఎంఎం అనే పరీక్షలో 50 బొమ్మలు చూపించి, తర్వాత రెండింటిలో చూసినదేదో అడుగుతారు. చూడటానికి కష్టంగా కనిపిస్తుంది, నిజానికి చాలా సులువు. రెండో విడతలో 45 కంటే తక్కువ వస్తే అనుమానించాలి. కళ్లు మూసుకుని చెప్పినా సుమారు 25 రావాలి. 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే, సరైన జవాబు తెలిసే తప్పు చెబుతున్నాడని బలంగా అనవచ్చు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. అంకెలు ముందుకు, వెనక్కు చెప్పించి లెక్కగట్టే రిలయబుల్ డిజిట్ స్పాన్‌లో 7 లేదా తక్కువ వస్తే ప్రయత్నలోపం అంటారు. చదువు లేని కూలీకి నిజాయితీగా చేసినా ముందుకు 4, వెనక్కు 2 రావచ్చు, అది 6. అక్షరాలు, అంకెలు, ఆకారాలతో ఉండే రే 15 గుర్తుల పరీక్షదీ ఇదే సమస్య. చదువురానివాళ్లను అబద్ధాలకోరులుగా తేల్చే పరీక్షలవి. రెండోది, ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్లు ఏ ప్రయత్న పరీక్షలోనైనా ఫెయిలవుతారు. తక్కువ స్కోరు వచ్చినప్పుడు "నటిస్తున్నాడు" అని రాయకండి. "ఈ రోజు వచ్చిన స్కోర్లు ఆయన అసలు సామర్థ్యాన్ని చూపిస్తున్నాయని చెప్పలేం" అని రాయండి. కారణం నొప్పి కావచ్చు, నిరాశ కావచ్చు, డబ్బు కావచ్చు, అది ఈ పరీక్ష చెప్పేది కాదు.

రిపోర్ట్, మళ్లీ పరీక్ష

మొదటి పేరాలో రిఫరల్ ప్రశ్నకు జవాబు ఉండాలి. డాక్టరు ఓపీలో చదివేది ఆ పేరానే. తర్వాత వాడిన ప్రతి పరీక్ష పేరు, రూపం, భాష, ఎవరి నార్మ్స్, అవి ఏ ఏటివి. ముడి స్కోరుతో పాటు పర్సంటైల్. మీరు మార్చినవి, వదిలేసినవి, మధ్యలో ఆపినవి, ఎందుకో. "మెదడులో ఎడమ టెంపొరల్ భాగం దెబ్బతింది" అని స్కోరును బట్టి రాయకండి, అది స్కాన్ చూసి చెప్పాల్సిన మాట. "కొత్త మాటలు నేర్చుకోవడం, నిలుపుకోవడం తన వయసు, చదువు ఉన్నవాళ్ల కంటే బాగా తక్కువ" అన్నంతవరకు రాయండి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా సంతకం పెట్టేవాళ్లకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు ఉండాలి, నంబరు కింద రాయాలి.

పరీక్ష కాగితాలు, మాటల జాబితాలు ఇంటివాళ్లకు ఇవ్వద్దు, వాట్సాప్‌లో పంపవద్దు. ఒకసారి బయటపడ్డ జాబితా ఆ చుట్టుపక్కల ఇక ఎవరికీ పనికిరాదు. బోర్డు ముందుకు వెళ్లేవాళ్లకు జవాబులు బట్టీ పట్టించేవాళ్లు దొరుకుతారు.

ఇంటివాళ్లకు మాత్రం కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి: ఏది బాగుంది, ఏది తగ్గింది, ఇంట్లో ఏం మార్చుకోవాలి. మందుల డబ్బాకు వారాల గదులు, గ్యాస్ దగ్గర ఒంటరిగా ఉండనీయకపోవడం, బ్యాంకు లావాదేవీలకు తోడు. దిగులు ఎక్కువగా ఉంటే టెలీ-మానస్ 14416కు తెలుగులో ఫోన్ చేయవచ్చని చెప్పండి.

మళ్లీ పరీక్షిస్తే ముందు చూసిన ప్రశ్నలే కాబట్టి స్కోరు కొంత పెరుగుతుంది, జబ్బు తగ్గిందనుకోవద్దు. ఆరు నెలల లోపు అదే జాబితా వాడవద్దు, రెండో రూపం ఉంటే అది తీయండి. మార్పు నిజమా కాదా అన్నదానికీ లెక్క ఉంది: పైన చెప్పిన 4.7ను 1.41తో గుణిస్తే సుమారు 6.7, దాన్ని 1.645తో గుణిస్తే 11. ఐక్యూలో 11 పాయింట్లకు తక్కువ తేడాను 90 శాతం నమ్మకంతో మార్పు అనలేం. డిమెన్షియా అనుమానం ఉన్నవాళ్లను సాధారణంగా 6 నుంచి 12 నెలల మధ్య మళ్లీ చూస్తారు. తర్వాత చూసేవాళ్లు వేరే ఊళ్లో ఉండవచ్చు కాబట్టి ఏ రూపం వాడారో, ఏ పూట పెట్టారో, అద్దాలు, వినికిడి మిషన్ పెట్టుకున్నారో లేదో, ఆ రోజు ఏ మందుల మీద ఉన్నారో రిపోర్ట్ చివర విడిగా నాలుగు లైన్లలో రాసి పంపండి.